నలుగురికి సరిపడా

దెబోరా ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి పొయ్యి దగ్గర పెత్తనం పదేళ్ల రాహేలుది.

రాహేలు తండ్రి యేసుదాసు రైల్వేలో గ్యాంగు మనిషి. మంచిర్యాల దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న స్టేషను పక్కన, గ్యాంగు వాళ్ల కోసం కట్టిన అయిదిళ్ల వరుసలో చివరిది అతనిది. తెల్లవారగానే సుత్తె, గడ్డపార భుజాన వేసుకుని పట్టాల వెంట పోయేవాడు. మళ్లీ పొద్దుగూకే వేళకే రాక. భార్య రిబ్కమ్మ కాన్పు జ్వరంతో పోయి అప్పటికి ఏడాదిన్నర అయింది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. రాహేలు, దాని తమ్ముడు ఆరేళ్ల పేతురు, ఇద్దరు మిగిలారు.

తల్లి పోయిన పదో రోజున యేసుదాసు జొన్నరొట్టె చేయబోయాడు. వేడినీళ్లు ఎక్కువై పిండి వేళ్లకు అంటుకుంది. పొగకు కళ్లు మండాయి. రెండు చేతులూ ముందుకు చాపి, వాటినేం చేయాలో తెలియనట్టు చూస్తూ కూర్చున్నాడు. రాహేలు వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు లే బాపు," అంది.

అతను లేచాడు. ఆ పిల్ల పొడిపిండి కలిపి, తల్లి చేసినట్టే అరచేతి మొదలుతో అదిమి అదిమి ఒక రొట్టె తట్టింది. అది గుండ్రంగా రాలేదు, కాని కాలింది. ఆనాటి నుంచి రాహేలు బడికి పోలేదు. మానమని ఎవరూ చెప్పలేదు, పొమ్మని కూడా ఎవరూ చెప్పలేదు.

ఏడాదిన్నరలో ఆ పిల్లకు అన్నీ వచ్చాయి. పుంటికూర పప్పు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. బియ్యం పిడికిళ్లతో కొలిచేది. తల్లి పిడికిలి ఒకటంటే తన పిడికిళ్లు రెండు. ఎసరు చూపుడువేలు రెండో గీత దాకా. తల్లి చేసేటప్పుడు పక్కన కూర్చుని చూసినవి కొన్ని, చివరి రోజుల్లో మంచం మీది నుంచి తల్లి చెప్పినవి కొన్ని.

అప్పుడు మంచిర్యాల పాస్టరుగారు ఈ సంబంధం తెచ్చారు. దెబోరాకు ఇరవై నాలుగేళ్లు. తల్లిదండ్రులు కలరా గత్తరలో పోతే నాలుగో ఏట మిషను హాస్టల్లో చేరింది. అక్కడే చదువుకుని, అక్కడే పెరిగి, చివరికి అక్కడి వంటశాలలోనే పనికి కుదిరింది.

"అరవై మంది ఆడపిల్లలకు వండిపెట్టిన మనిషి," అన్నారు పాస్టరుగారు. "నలుగురికి వండుడు ఆమెకు ఒక పనా? పిల్లల ఫికర్ నీకుండదు యేసుదాసూ."

పెళ్లయింది. దెబోరా ఒక రేకు పెట్టెతో, ఒక బైబిలుతో బండి దిగింది. రాహేలు అప్పటికే వంట చేసి ఉంచింది. కొత్తామెకు కంచం పెట్టి, వడ్డించి, పక్కన నిలబడింది. ఎక్కడా లోటు లేదు. దెబోరా తింటూ రెండుమూడు సార్లు ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ మొహం ఆమె వైపు తిరగలేదు.

మూడో రోజు పొద్దున రాహేలు, పేతురు స్టేషను బావికి నీళ్లకు పోయారు. పిల్లలు వచ్చేసరికి అన్నం వండి ఉంచాలని దెబోరా అనుకుంది. హాస్టల్లో బియ్యం కిరసనాయిలు డబ్బాతో కొలిచేవాళ్లు, ఒక పూటకు రెండు డబ్బాలు. ఇక్కడ మూలన ఒక సోల కనిపించింది. చేతిలోకి తీసుకుంటే అది ఆడుకునే బొమ్మలా ఉంది. ఇంతదానితో ఎన్ని పోస్తే నలుగురికి సరిపోతాయో ఆమెకు అంతుపట్టలేదు. తక్కువైతే పిల్లలు పస్తుంటారేమోనని భయం వేసింది. ఎనిమిది పోసింది. చాలదనిపించింది. పన్నెండు చేసింది.

రాహేలు బిందె దించి లోపలికి వచ్చేసరికి పొయ్యి మీది కుండలో బియ్యం ఉబ్బి మూత పక్కకు పడిపోయింది. దెబోరా గరిటెతో తీసి ఇంకో కుండలోకి వేస్తోంది. అదీ నిండితే పప్పుగిన్నె, అదీ నిండితే రొట్టెల పళ్లెం. ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో సగం ఉడికిన అన్నమే.

"గింత బువ్వ ఎవలకు?" అంది రాహేలు.

దెబోరా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నలుగురికే అనుకున్న," అంది.

రాహేలు బియ్యం డబ్బా మూత తీసి చూసింది. నెల నడిమిదాకా రావాల్సిన బియ్యం అడుగుకు చేరాయి. ఆ పిల్ల కేకలు వేయలేదు, ఏడవలేదు. మూత పెట్టి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

ఆ వారమంతా రొట్టెల ఊసే లేదు. మూడు రోజులు పొద్దునా సాయంత్రం చద్దన్నమే. గ్యాంగులో యేసుదాసు ఇంటి అన్నం ముట్టేవాళ్లు ఇద్దరే ఉన్నారు. వాళ్లకు రోజూ మూట కట్టుకుపోయి పెట్టాడు. భార్యను ఒక్క మాట కూడా అనలేదు. మూడో రోజున పేతురు ముక్కు మూసుకుని "పుల్లగుంది" అంటే, "పులుపు మంచిదేరా" అని తన కంచంలోకి వేసుకున్నాడు.

నాలుగో రోజున రాహేలు దెబోరా ముందు నిలబడి చెప్పింది. "నువ్వు వండకు. నేను వండుత."

"సరే," అంది దెబోరా.

నెల రోజులు ఆమె పొయ్యి జోలికి పోలేదు. ఇల్లు ఊడ్చింది, నీళ్లు మోసింది, చిరిగిన బట్టలన్నీ కుట్టింది, పేతురుకు పలక మీద అక్షరాలు దిద్దించింది. బావి దగ్గర ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. పక్కింటి భూమవ్వ అయితే మొహం మీదే అడిగింది. "ఏం పిల్లా, పసిదాంతోని వండిచ్చుకుంట కూసుంటవా?" భూమవ్వ భర్త హనుమండ్లు కూడా గ్యాంగులోనే పని. ఆమె మాట కరుకే తప్ప మనసులో ఏమీ ఉంచుకోదు. దెబోరా బిందె ఎత్తుకుంది.

ఒక మధ్యాహ్నం రాహేలు చేటలో పెసరపప్పు పోసుకుని రాళ్లు ఏరుతుంటే దెబోరా ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగింది. కాసేపటికి రాహేలే మాట్లాడింది.

"నీకు వంట వస్తదని పాస్టరు అయ్యగారు చెప్పిండట గదా."

"వస్తది. ఒక్కనాడు కూడ చిన్న కుండల వండలే. మా హాస్టల్ల అన్నీ పెద్ద పెద్ద బగోనెలే. చిన్న కుండ ముందు కూసుంటే నాకు చెయ్యి ఆడతలేదు."

రాహేలు తల ఎత్తింది. "మరి నీకొక్కదానికే ఆకలైతే?"

"గంట కొట్టినంక తినాలె."

"గంట కొట్టకముందే ఆకలైతే?"

"ఆగాలె."

"పొయ్యి దగ్గరికి పోయి, అవ్వా జర పెట్టు అంటే?"

దెబోరా చేటలోంచి ఒక రాయి తీసి బయటికి విసిరింది. "ఎవల్ని అడగాలె? అందరికీ ఒకటే పొయ్యి. నువ్వు నాకు నేర్పు రాహేలూ. నలుగురికి వండుడు."

రాహేలు చేట దగ్గరకు లాక్కుంది. చాలాసేపు ఏరింది. "అది మా అవ్వ వంట," అని తల్లి మాట మాత్రం ఎత్తింది.

శ్రావణంలో వాన పట్టుకుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు ఎడతెరిపి లేదు. మూడో రోజు పొద్దున కాజీపేట వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు రైలు స్టేషనులో ఆగి, ఇక కదల్లేదు. ముందున్న వాగు పట్టాల మీదికి ఎక్కింది. వెనక, రైలు దాటిన గంటకే, ఇంకో వాగు కట్టను కోసుకుపోయింది. గ్యాంగు మగవాళ్లంతా గోనెసంచులు కప్పుకుని ఆ కోతను పూడ్చడానికి పోయారు. స్టేషనుకు ఒక మైలు దూరంలో ఉన్న ఊరికి పోయే బాట కూడా నీళ్లలో మునిగింది.

రైలు నిండా జనం. కొండగట్టు అంజన్నకు మొక్కులు తీర్చుకుని సిర్పూరు వైపు తిరిగిపోతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పుట్టువెంట్రుకలు తీయించుకున్న నున్నని గుండ్లతో చిన్నపిల్లలు కిటికీల ఊచలు పట్టుకుని నిలబడ్డారు. తెచ్చుకున్న అటుకులు, పేలాలు పొద్దున్నే అయిపోయాయి. మిట్టమధ్యాహ్నానికల్లా ఒక పెట్టెలో మొదలైన ఏడుపు రైలంతా పాకింది.

స్టేషన్ మాస్టరు గొడుగు పట్టుకుని గ్యాంగు ఇళ్ల దగ్గరికి వచ్చాడు. బెజవాడ వైపు మనిషి, ఈ స్టేషనుకు కొత్త.

"పెద్దవాళ్లు ఎలాగో ఓర్చుకుంటారమ్మా," అన్నాడు భూమవ్వతో. "పిల్లలు డెబ్భై మంది దాకా ఉన్నారు. రేపటిదాకా రైలు కదిలేలా లేదు. మీరంతా కలిసి ఏమైనా వండి పెట్టగలరా?"

భూమవ్వ వరుసలోని మిగతా ఆడవాళ్ల వైపు చూసింది. "డెబ్భై మందికి ఎవలు వండుతరయ్యా? మా ఇండ్లల్ల అన్నీ చిన్న కుండలు. పొడికట్టె ఒక్కటన్న లేకపాయె."

చివరి ఇంటి అరుగు మీద నీళ్లు ఊడుస్తున్న దెబోరా చీపురు గోడకు ఆనించింది.

"నేను వండుత," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. రాహేలు గుమ్మంలో ఉంది. రైలు జనమంతా చూస్తుండగా మళ్లీ ఆగం చేస్తుందని భయపడింది. ఆ భయంలో సిగ్గు కూడా ఉంది. ఎంతైనా తమ ఇంటి మనిషి.

దెబోరా మాత్రం అప్పటికే మెట్లు దిగింది. మొగమాటంగా తలవంచుకు తిరిగే మనిషి, ఇప్పుడు ఒక్కో మాటా తూచినట్టు అడుగుతోంది. "స్టేషన్ల మంచినీళ్ల గంగాళం ఉంది గదా అయ్యా, రాగిది. అది కావాలె. సరుకుల షెడ్డుకు కప్పుంది, అక్కడ పొయ్యి పెడుదం. కట్టెలెందుకు, ఇంజన్ల బొగ్గు లేదా?"

స్టేషన్ మాస్టరుకు ఆ సంగతి తట్టలేదు. గొడుగు కూడా మరిచి ఇంజను వైపు పరుగెత్తాడు.

అయిదిళ్ల వాళ్లూ తమ దగ్గరున్నవి తెచ్చారు. బియ్యం కొన్ని, పెసరపప్పు కొంత, చింతపండు, ఉల్లిగడ్డలు, ఎల్లిపాయలు, మిరపకాయలు. యాత్రవాళ్ల దగ్గర ఒక బియ్యం మూట దొరికింది. భూమవ్వ పండక్కని దాచుకున్న నెయ్యి గిన్నె తెచ్చింది. డ్రైవరు నాలుగు తట్టల బొగ్గు పంపాడు. ఫైర్‌మ్యాను ఇంజను పొయ్యిలోంచి పార నిండా నిప్పులు తీసుకుని, వానలో చుయ్ చుయ్ మంటుండగా షెడ్డుదాకా పరుగెత్తుకు వచ్చాడు. మూడు పెద్ద రాళ్ల మధ్య ఆ నిప్పులు పోస్తే పొయ్యి వెంటనే అంటుకుంది.

దెబోరా రైలు పెట్టెల వెంట నడిచింది. ప్రతి కిటికీ దగ్గరా ఆగి పిల్లల్ని పిలిచింది. "వంట చేద్దం రండి. చేతులు కడుక్కొని రావాలె."

"పిల్లలేం చేస్తరమ్మా?" అంది ఒక తల్లి.

"అన్నీ చేస్తరు. మేమంత చేసినోళ్లమే."

ఏడేళ్లు పైబడిన వాళ్లు ముప్పై మంది దాకా షెడ్డులోకి వచ్చారు. దెబోరా వాళ్లను గుంపులుగా కూర్చోబెట్టింది. ఒక గుంపు బియ్యంలో రాళ్లు ఏరాలి. ఒక గుంపు ఎల్లిపాయలు ఒలవాలి. పెద్దపిల్లలు నలుగురు వాన ఆగినప్పుడల్లా పేతురును వెంటబెట్టుకుని షెడ్డు వెనక టేకు చెట్ల ఆకులు కోసుకు రావాలి. పని దొరకగానే పిల్లల ఏడుపు సగం తగ్గింది.

"రాహేలూ," అని పిలిచింది దెబోరా. "నేను కిచిడి చేస్త. దానిమీదికి పచ్చిపులుసు కావాలె. అది నువ్వు చెయ్యి. నాకు రాదు."

రాహేలు అక్కడే నిలబడిపోయింది. "నాకు నలుగురికే వస్తది."

"నలుగురికి ఎంత చింతపండు పెడుతవు?"

రాహేలు వేళ్లు ముడిచి చూపింది. "గింత. నిమ్మకాయంత."

"గసుంటియి పద్దెనిమిది పెట్టు. నీళ్లు గూడ గంతే లెక్క. ఉప్పు, మిరపకాయ మాత్రం పద్దెనిమిది రెట్లు ఎయ్యకు, చేదెక్కుతది. ముందు పది, పన్నెండు ఏసి రుచి సూడు. నీ నాలికె ఎంత అంటే అంత."

రాహేలు బకెట్టు కడుక్కుని కూర్చుంది. చింతపండు ఉండలు చేసి వరుసగా పెట్టింది, పద్దెనిమిది. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు బొగ్గుల అంచున కాల్చడానికి ఇద్దరు ఆడపిల్లలకు చెప్పింది. గుండు చేయించుకున్న ఒక పిల్లవాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. చింతపండు పిసుకుతానన్నాడు. మోచేతుల దాకా బకెట్టులో ముంచి పిసుకుతుంటే వాడికి ఆకలి సంగతి మరుపుకొచ్చింది.

అంతలో వాడి నాయనమ్మ కొంగు నెత్తిన వేసుకుని వచ్చింది. అటూ ఇటూ చూసి భూమవ్వను అడిగింది.

"వండేటోళ్లు ఎవలు?"

భూమవ్వ కూడా ఆ రోజు వరకు యేసుదాసు ఇంట్లో మంచినీళ్లు ముట్టిన మనిషి కాదు. దెబోరా గంగాళం దగ్గర వెనక్కి తిరగకుండా నిలబడింది. రాహేలు చేతులు ఆగాయి.

"గ్యాంగోళ్లం," అంది భూమవ్వ. "మీ రైలు పోవాలని వానల తట్ట మోస్తున్నోళ్ల పెండ్లాలం."

ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని లేపబోయింది. వాడు లేవలేదు. "పిసుకుతున్న," అన్నాడు. కాసేపు నిలబడి ఆమె తన పెట్టెలోకి వెళ్లిపోయింది.

గంగాళంలో ఎసరు మసిలింది. దెబోరా పప్పు, బియ్యం పోసి, పసుపు వేసి, కొత్త పార కడిగించి దానితోనే కలిపింది. వంటశాలలో పదేళ్లు పని చేసిన చేతులు ఆమెవి. ఆ బరువుకు ఆమె నడుము ఎట్లా వంగుతుందో, ఎప్పుడు ఆగి ఊపిరి తీసుకుంటుందో రాహేలు చూస్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఇంట్లో గోడకు ఒదిగి నడిచిన మనిషి ఈమేనా అనిపించింది.

కాని ఇంజను బొగ్గు వేడి కట్టెల వేడిలాంటిది కాదు. దెబోరా పిల్లల్ని వరుసల్లో కూర్చోబెట్టడానికి అటు తిరిగింది. రాహేలు ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ తల ఎత్తింది. ముక్కు ఎగబీల్చింది. బొగ్గు పొగలో, ఉల్లి వాసనలో, తడిసిన జనం వాసనలో సన్నగా ఇంకొకటి తగిలింది.

"చిన్నవ్వా, అడుగంటుతుంది," అని అరిచింది.

దెబోరా పరుగెత్తుకు వచ్చి పార అందుకుని గంగాళం అడుగుదాకా దించబోయింది. రాహేలు రెండు చేతులతో పార కర్ర పట్టుకుంది.

"కలపకు. కలిపితే మాడు అంతటికి ఎక్కుతది. నిప్పులు గుంజెయ్యి. మీదిది మీదనే తీసుడు."

అది దెబోరాకూ తెలిసిన సంగతే. కంగారులో చెయ్యి తప్పింది. భూమవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిప్పులు బయటికి లాగారు. తడిగోనె గంగాళం చుట్టూ కట్టారు. దెబోరా పై నుంచి ఒక గరిటె తీసి ఊది, రాహేలు నోటికి అందించింది.

రాహేలు నమిలి ఆలోచించింది. "మాడు లేదు. ఎల్లిపాయ పోపు పెడితే ఇంక మంచిగుంటది."

"పెట్టు."

భూమవ్వ నెయ్యిలో ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేగాయి. ఆ వాసనకు పెద్దవాళ్లు కూడా పెట్టెల తలుపుల దగ్గరికి చేరారు.

పిల్లలు షెడ్డు పొడవునా రెండు వరుసలు కూర్చున్నారు. ముందు టేకు ఆకులు. పేతురు స్టేషను గంట వైపు చూసి అడిగాడు. "గంట కొడుదమా?"

"వద్దు," అంది దెబోరా. "ఆకలైనోళ్లకు ముందు పెడుదం. అందరికీ వస్తది."

ఆమె కిచిడి పెడుతుంటే వెనకే రాహేలు పులుసు పోస్తూ నడిచింది. చిన్నవాళ్లకు భూమవ్వ కలిపి నోట్లో పెట్టింది. చింతపండు పిసికిన పిల్లవాడు రెండుసార్లు పోయించుకుని, ఇది నేను చేసిందే అని పక్కవాడికి చెప్పాడు. ముసలామె కిటికీలోంచి చూస్తూ మొహం పక్కకు తిప్పుకుంది. కొంతసేపటికి ఒక ఇత్తడి గ్లాసు పట్టుకుని దిగివచ్చింది. లోపల జ్వరంతో పడుకున్న మనవరాలు ఉందట. దెబోరా గ్లాసు నింపి ఇచ్చింది. ఆమె కళ్లెత్తకుండా తీసుకుని, "సల్లగుండు బిడ్డా," అని వెళ్లిపోయింది.

పిల్లలు తిన్నాక పెద్దవాళ్లకు తలా రెండు ముద్దలు వచ్చాయి. భూమవ్వ పిల్లలు తిన్నారు. భూమవ్వ తిన్నదో లేదో దెబోరా చూడలేదు. చివరికి గంగాళంలో మాడు మాత్రం మిగిలింది. దెబోరా, రాహేలు షెడ్డు అంచున కాళ్లు జాపుకుని కూర్చున్నారు. ఎర్రగా పెళుసుగా ఉన్న ఆ మాడును గీకి ఒకే ఆకులో పెట్టుకున్నారు.

"గిది గూడ మంచిగనే ఉంది," అంది రాహేలు.

"హాస్టల్ల మాడు కోసం కొట్లాడుకునేటోళ్లం."

"నీకు దొరికేదా?"

"నేను పొట్టిదాన్ని. దొరకకపోయేది."

రాహేలు ఆకులో పెద్ద ముక్కను ఆమె వైపు జరిపింది.

మర్నాడు మధ్యాహ్నానికి వాగు తీసింది. రైలు మెల్లగా, మనిషి నడిచినంత మెల్లగా, సాగిపోయింది. మగవాళ్లు రెండు రోజుల బురదతో ఇళ్లకు వచ్చారు. జరిగిందంతా పేతురే తండ్రికి చెప్పాడు, ఒకటికి రెండు కలిపి. యేసుదాసు విని, చెయ్యి కడుక్కుని, కూతురు వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. "నాకేమన్న మిగిలిందా?" అన్నాడు. ఏమీ మిగల్లేదు. అందరూ నవ్వారు. అప్పుడు రాహేలు లేచి బియ్యం డబ్బా తెచ్చి దెబోరా ముందు పెట్టింది.

"చెయ్యి పెట్టు. పిడికిలి పట్టు. గట్టిగ కాదు, జర వదులుగ. గిది మా అవ్వ పిడికిలంత ఉంటది. బాపుకు రెండు. మనకు ఒక్కొక్కటి. వానికి సగం. అంతే."

"అంతేనా?" అంది దెబోరా. కుండ అడుగున బియ్యం అంత తక్కువగా కనిపిస్తే ఆమెకు నమ్మకం కుదరలేదు.

"ఇంక ఎయ్యకు," అంటూ రాహేలు ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆ పూట అన్నం మెత్తబడి ముద్దయింది. పేతురు గంజి లెక్కుందన్నాడు. యేసుదాసు ఆకలి మీద ఉన్నాడు, వంక పెట్టకుండా తిన్నాడు. రెండో రోజు పలుకైంది. వారం గడిచేసరికి కుదిరింది.

దసరా సెలవుల ముందు ఒకరోజు పొద్దున, రొట్టెలు చేస్తుండగా దెబోరా కదిపింది. "రాహేలూ, నువ్వు బడికి పోవాలె. నేను బాపుతోని మాట్లాడిన. మూడో తరగతిల చేర్చుకుంటరట."

రాహేలు చేతిలో రొట్టె ఆగింది. పెనం మీద వేయకుండా పీట మీదే ఉంచింది. దెబోరా వైపు తిరిగింది.

"నన్ను హాస్టల్ల ఏస్తవా?"

"లే," అంది దెబోరా. ఆ మాట అన్న తీరుకు పొయ్యి ముందున్న పేతురు కూడా తలెత్తాడు. "పొద్దుగాల రైలుకు మంచిర్యాలకు పోతవు, సాయంత్రం రైలుకు ఇంటికొస్తవు. రైల్వేవోళ్ల పిల్లలకు పాసుంటది. బువ్వ ఇంట్లనే తింటవు. ఎప్పుడు ఆకలైతే అప్పుడు."

"మరి వంట?"

"పొద్దటిది నేను చేస్త. మాపటిది నువ్వొచ్చినంక ఇద్దరం చేద్దం."

రాహేలు పీట మీది రొట్టెను చూసింది. అంచు చీలింది. మళ్లీ ఉండ చేసి మొదటి నుంచి తట్టింది. పోతానని అనలేదు, పోనని కూడా అనలేదు. అయితే ఆ మధ్యాహ్నం తన పాత పలక వెతికి తీసి, బొగ్గు, ఆకు పసరు వేసి నల్లగా రుద్దింది.

బడిలో చేరిన మొదటి వారం ఆ పిల్లకు కష్టంగానే గడిచింది. తరగతిలో అందరికంటే పొడుగు. ఎక్కాలు మరిచిపోయింది. మూడో రోజున ఏడుస్తూ వచ్చి, రేపటి నుంచి పోనంది. దెబోరా బతిమాలలేదు. ఉల్లిగడ్డలు ముందు పెట్టి, నాలుగో ఎక్కం అప్పజెప్పించుకుంటూ తరిగించింది. కళ్లనీళ్లు ఎందుకొస్తున్నాయో ఎవరికీ చెప్పే పనిలేకుండా పోయింది. నాలుగో రోజు పొద్దున రాహేలు తనే సంచి తగిలించుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక రాహేలు ఒక కోరిక కోరింది. సర్వపిండి చేసుకుందామంది. తల్లి చేసేది. కాని తనకు సగమే తెలుసు. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, కారం, ఉల్లిగడ్డ కలపాలని తెలుసు. పిండిని సర్వ గిన్నె లోపల అద్దాలని తెలుసు. ఎంత పలచగా అద్దాలో, ఎంతసేపు మూత పెట్టాలో గుర్తులేదు. దెబోరా ఆ వంట పేరు కూడా వినలేదు. ఒక్కో గిన్నెకు ఒక్కటే కాలుతుంది, అది దిగేదాకా రెండోది వేయడానికి లేదంటే ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

"బాపూ, అవ్వ ఎట్ల చేసేది?" అని అడిగింది రాహేలు.

యేసుదాసు తలగోక్కున్నాడు. "నేను తిన్నదే గాని చేసేది సరిగ సూడలే. మీ అవ్వ వేలుతోని బొక్కలు పెట్టేది. బొక్కబొక్కల నూనె పోసేది. అంచు ఎర్రగ ఉండి కరకర అనేది, నడుమ మెత్తగుండేది."

మొదటిది గిన్నెకు అంటుకుని ముక్కలై వచ్చింది. పేతురు ఆ ముక్కలన్నీ తిన్నాడు. రెండోది మందమై లోపల పచ్చిగా ఉంది. దెబోరా పిండిలో ఇంకాసిని నీళ్లు చిలకరించింది. రాహేలు మూడోదాన్ని వేళ్లతో నెమ్మదిగా, గిన్నె గోడల వెంట పైకి అద్దుకుంటూ పోయింది. బొక్కలు పెట్టే పని తండ్రికి అప్పజెప్పింది. సుత్తె పట్టే ఆ వేలికి ఒక్కో బొక్క రూపాయి బిళ్లంత పడింది.

"జర మెల్లగ బాపు," అంది రాహేలు. "గంత పెద్ద బొక్కలు పెట్టకు."

"మీ అవ్వను గూడ గిట్లనే సతాయించేటోన్ని," అన్నాడు యేసుదాసు. రిబ్కమ్మ మాట ఆ ఇంట్లో అంత తేలిగ్గా వచ్చి చాలా రోజులైంది. ఏమనేదని దెబోరా అడిగింది. నూనె దండుగ చేస్తున్నవని పొయ్యి దగ్గర నుంచి లేపేసేదని అతను చెప్పాడు. రాహేలు తనకు గుర్తున్నది ఇంకొకటి చెప్పింది. ఆ తర్వాత ఇంకొకటి.

మూత తీస్తే అంచులు విడివడి, ఎర్రగా లేచి ఉన్నాయి. దెబోరా గరిటె దూర్చి ఒక్క విసురులో పళ్లెంలోకి తీసింది. యేసుదాసు తుంచి నమిలాడు. నువ్వులు పళ్ల కింద పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

"నడుమ ఇంకా జర మెత్తగుండేది," అన్నాడు. "ఇంకొకటి ఎయ్యండి."

రాహేలు గిన్నె అడుగును నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చింది. దెబోరా పిండి ముద్ద తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.